ఎక్కువ వచ్చిన చీరలు, రాలేదన్న మాట

ప్రశ్న: మాది శ్రీకాకుళం. మాఘమాసంలో గృహప్రవేశం చేసుకున్నాం. బంధువులకు పెట్టడానికి విజయనగరంలోని ఒక బట్టల దుకాణంలో పన్నెండు చీరలు కొని, ఫాల్స్ కుట్టించి పంపమని చెప్పి వచ్చాం. ఆర్టీసీ కార్గోలో వచ్చిన కట్ట విప్పితే పదిహేను ఉన్నాయి. ఎక్కువ వచ్చినవాటిలో రెండు మేము కొన్న రకానివే, మూడోది 8,400 రూపాయల చీటీ ఉన్న పట్టుచీర. మూడింటికీ ఫాల్స్ కుట్టి ఉన్నాయి. మా అత్తగారి పుట్టిల్లు విజయనగరం. 'కొత్త ఇంటికి పైడితల్లి అమ్మవారు పంపించింది' అని ఆ పట్టుచీరను మా పెద్ద ఆడపడుచుకు బొట్టుపెట్టి ఇచ్చేశారు. మిగిలిన రెండూ బీరువాలో ఉన్నాయి. వారం తరవాత దుకాణంలో పనిచేసే అమ్మాయి ఫోన్ చేసి, మూడు చీరలు లెక్క తేలడం లేదని, తన జీతంలో పట్టుకుంటామంటున్నారని, ఒక్కసారి చూసి చెప్పమని బతిమాలింది. మా ఆయన 'మాకేమీ ఎక్కువ రాలేదు' అని ఫోన్ పెట్టేశారు. కిందటేడు అక్కడే కొన్న చీర మొదటి ఉతుకుకే రంగు దిగిపోతే వాళ్ళు మార్చలేదని ఆయనకు కోపం. అమెరికాలో ఉన్న మా మరిది, అడగకుండా వచ్చిన సరుకు ఉంచుకోవచ్చని చట్టమే ఉందంటున్నాడు. ఇప్పుడు నిజం చెబితే మా ఆయనకు తలవంపులు, అత్తగారికి కష్టం. ఆడపడుచును చీర తిరిగి ఇమ్మని అడగలేను. నేనేం చేయాలి?
— ఒక సోదరి, శ్రీకాకుళం

జవాబు: అమ్మా, బీరువాలో ఉన్న రెండు చీరలు దుకాణానికి చేరాలి, ఆడపడుచుగారికి వెళ్ళిన పట్టుచీరకు డబ్బు చెల్లించాలి, ఆ మాట వీలైనంతవరకు మీవారి నోటి నుంచే రావాలి. ఈ మూడింటిలో మొదటి రెండూ సులువు. మూడోదాని కోసమే మీరు ఉత్తరం రాశారని నాకు అర్థమైంది. అయితే మీ మరిదిగారి మాట ఇంట్లో అందరి చెవినా పడి ఉంటుంది కనుక చట్టం సంగతి ముందు తేల్చుకుందాం.

అడగని సరుకును పోస్టులో పంపి, ఆ తరవాత సొమ్ము కట్టమని పీడించే వ్యాపారులను అదుపు చేయడానికి అమెరికాలో 1970లో ఒక చట్టం వచ్చింది. దాని ప్రకారం అలా వచ్చిన వస్తువును అందుకున్నవారు కానుకగా ఉంచుకోవచ్చు. మీ మరిదిగారు వినికిడి మీద చెప్పిన మాట కాదు, కానీ అది ఆ దేశపు చట్టం, దాని ఉద్దేశం వేరు. మన దేశంలో ఇటువంటి విషయాన్ని 1872 నాటి కాంట్రాక్టు చట్టం చూస్తుంది. పొరపాటున డబ్బు గాని వస్తువు గాని అందుకున్న మనిషి దాన్ని తిరిగి ఇవ్వాలని ఆ చట్టం 72వ సెక్షన్ సూటిగా చెబుతుంది. అంతకు రెండు సెక్షన్ల ముందు, అంటే 70వ సెక్షన్ కింద, ఆ చట్టం రాసినవారే ఒక ఉదాహరణ ఇచ్చారు: ఒక వర్తకుడు పొరపాటున ఒకరి ఇంట్లో సరుకు వదిలి వెళ్ళాడు, ఆ ఇంటివారు దాన్ని తమ సొంత సరుకులాగే వాడుకున్నారు, కాబట్టి వర్తకుడికి దాని ధర ఇచ్చుకోవాలి. నూటయాభై ఏళ్ళ కిందట రాసిన ఆ వాక్యాలు మీ ఆడపడుచుగారి పట్టుచీరను చూసి రాసినట్టే ఉన్నాయి.

ఇక 1930 నాటి వస్తు విక్రయ చట్టంలో కొనుగోలుదారుకు అనుకూలమైన మాట కూడా ఉంది, అది చాలామందికి తెలియదు. ఒప్పుకున్న లెక్క కంటే ఎక్కువ సరుకు వచ్చినప్పుడు, కొన్నంత ఉంచుకుని మిగిలింది వద్దనే హక్కు కొన్నవారికి ఉంది. వద్దన్న సరుకును సొంత ఖర్చుతో మోసుకెళ్ళి అప్పగించే బాధ్యత వారిది కాదు, వద్దంటున్నామని అమ్మినవారికి తెలియజేస్తే చాలు. మనిషిని పంపి తెచ్చుకోవడం, కార్గో ఖర్చు పెట్టుకోవడం అమ్మినవారి పని. కట్ట విప్పిన రోజే ఎవరో ఒకరు 'మూడు ఎక్కువ వచ్చాయి, వచ్చి తీసుకెళ్ళండి' అని ఒక్క ఫోన్ చేసి, వాటిని మడత చెదరకుండా ఒక పక్కన పెట్టి ఉంటే మీ ఇంటి బాధ్యత అక్కడితో తీరిపోయేది.

అలా జరగలేదు సరికదా, అడిగినప్పుడు లేవన్నారు. ఇక్కడే విషయం బరువెక్కింది. కట్టలో ఎక్కువ చీరలు రావడం నేరం కాదు. అవి ఎవరివో తెలిసి, అడిగినా లేవని చెప్పి ఉంచేసుకోవడాన్ని మాత్రం 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 314వ సెక్షన్ నేరంగా చూస్తుంది. అందులో శిక్ష ఆరు నెలలకు తగ్గకుండా రెండేళ్ళ వరకు జైలు, దానితోపాటు జరిమానా. మూడు చీరల కోసం ఆ దుకాణంవారు పోలీసు స్టేషను మెట్లెక్కుతారని నేను అనుకోను. మీరు కూడా ఈ సెక్షన్‌ను మీవారి ముందు ప్రయోగించకండి. భయపడి తిరిగి ఇచ్చిన మనిషి ఆ భయాన్ని రేపు మీ మీద కోపంగా మార్చుకుంటాడు.

మీవారి కోపానికి కారణం ఉంది, దాన్ని కొట్టిపారేయకూడదు. మొదటి ఉతుకుకే రంగు దిగిన చీరను వెనక్కి తీసుకోకపోవడం తప్పే. 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అని బిల్లు మీద అచ్చు వేసినంత మాత్రాన దుకాణదారుకు రక్షణ దొరకదు. లోపమున్న వస్తువును బిల్లులో చెప్పిన గడువులోగా, అలాంటి గడువేదీ రాయకపోతే ముప్ఫై రోజుల్లోగా వెనక్కి తీసుకుని సొమ్ము ఇవ్వడానికి నిరాకరించడాన్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వ్యాపార పద్ధతిగా చెప్పింది. బిల్లు ఉంటే 1915 నంబరుకు ఫోన్ చేయవచ్చు, లేదా శ్రీకాకుళంలోనే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు ఇవ్వవచ్చు. అందుకు రెండేళ్ళ వ్యవధి ఉంది, అయిదు లక్షల లోపు కొనుగోళ్ళకు రుసుము కూడా లేదు. అంటే కిందటేటి చీర విషయంలో మీవారికి దారి ఇంకా మూసుకుపోలేదు. కానీ ఆ బాకీని ఈ చీరలతో చెల్లు వేసుకోవడానికి వీల్లేదు. మాట తప్పింది దుకాణం యజమాని. ఇప్పుడు జీతం పోగొట్టుకోబోతున్నది కౌంటరు వెనక నిలబడి మీకు చీరలు విప్పి చూపిన అమ్మాయి. మీవారు ఇంతవరకు ఈ తేడా చూడలేదని నాకు అనిపిస్తోంది, ఎందుకంటే ఆయన కోపమంతా దుకాణం బోర్డు మీదే ఉంది.

మీరు రాసిన ఒక చిన్న వివరం దగ్గర నేను కాసేపు ఆగాను. ఎక్కువ వచ్చిన మూడింటికీ ఫాల్స్ కుట్టి ఉన్నాయన్నారు. దుకాణంలో బీరువాల్లో అమ్మకానికి ఉన్న చీరలకు ఎవరూ ముందే ఫాల్స్ కుట్టించరు. చీర అమ్ముడైన తరవాతే, పల్లూ మూలకు ఒక చీటీ గుచ్చి కుట్టేవారికి ఇస్తారు. కాబట్టి ఇవి బహుశా మరొక ఇంటివారు డబ్బు కట్టి కొనుక్కున్న చీరలై, కుట్టుమిషను దగ్గర మీ కట్టలో కలిసిపోయి ఉంటాయి. బీరువాలో ఉన్న రెండింటి అంచులు ఒకసారి తిరగేసి చూడండి. గుండుసూదితో గుచ్చిన చిన్న కాగితం గాని, పెన్సిలుతో వేసిన నంబరు గాని కనిపిస్తే నా అనుమానం నిజమైనట్టే. ఆ కాగితాన్ని తీసేయకండి, దాన్నిబట్టే అవి ఎవరివో దుకాణంలో తెలుస్తుంది. మీలాగే ఏ శుభకార్యానికో కొని, రాలేదని ఎదురు చూస్తున్నవారు మరొకరు ఉన్నారని తెలిస్తే మీ అత్తగారి మనసు కూడా కొంత మారవచ్చు.

మీవారితో మాట్లాడేటప్పుడు అత్తగారి ముందు మాత్రం వద్దు. తల్లి ముందు తప్పు ఒప్పుకోవలసి వస్తే ఏ కొడుకైనా బిగుసుకుపోతాడు. ఆయన తీరికగా ఉన్నప్పుడు, ఆరుబయటో, స్కూటరు మీద అరసవల్లి వైపు వెళ్ళేటప్పుడో, ఇద్దరే ఉన్నచోట మొదలుపెట్టండి. 'మీరు అబద్ధం చెప్పారు' అనే వాక్యంతో మొదలుపెట్టకండి. 'ఆ అమ్మాయి జీతంలో పట్టుకుంటారట, నాకు నిద్ర పట్టడం లేదు' అని మీ సంగతే చెప్పండి, అది నిజం కూడాను. కిందటేటి చీర బిల్లు వెతికిపెట్టి, దాని మీద ఫిర్యాదు ఇద్దామని మీరే అనండి. తన కోపాన్ని భార్య పక్కకు నెట్టలేదని తెలిస్తే ఆయన రెండో మాట వినే అవకాశం ఎక్కువ.

దుకాణంవారితో ఏమనాలో కూడా ముందే అనుకోండి. చాలామంది ఇక్కడ ఒక అబద్ధాన్ని కప్పడానికి ఇంకొకటి అల్లుతారు: అటక మీద దొరికాయని, పిల్లలు ఎక్కడో పెట్టారని. ఆ అవసరం లేదు. 'ఆ రోజు రాలేదని చెప్పాం, అది సరికాదు. మూడు ఎక్కువ వచ్చాయి. రెండు పంపుతున్నాం, ఒకటి మా ఇంటి ఆడపడుచుకు పెట్టేశాం, దానికి డబ్బు కడతాం' అంటే సరిపోతుంది. వ్యాపారంలో ఉన్నవారికి ఇలాంటివి కొత్తకాదు. తిరిగి వచ్చిన సరుకును చూసి వారు సంతోషిస్తారే తప్ప, ఎందుకు లేదన్నారని నిలదీసే ఓపిక వారికి ఉండదు. మీవారు భయపడుతున్న తలవంపులు ఆ రెండు నిమిషాల ఫోనుకు మించి ఉండవు.

ఆడపడుచుగారిని చీర అడగవద్దు. బొట్టుపెట్టి ఇచ్చిన చీరను తిరిగి అడిగితే ఆమెకూ అవమానం, పుట్టింటి మీద ఆమెకున్న మమకారానికీ దెబ్బ. ఆమె ఏ పాపమూ ఎరగదు. ఆ 8,400 రూపాయలు మీ కుటుంబం ఆమెకు పెట్టిన చీర ఖర్చుగానే రాసుకోండి. ఇల్లు కట్టుకున్న చేతికి అది ఈ నెల బరువైతే, సగం ఇప్పుడు, సగం వచ్చే నెల కడతామని అడగడంలో తప్పు లేదు. చీటీ మీది ధర మీద మామూలుగా ఇచ్చే తగ్గింపు ఉంటే అదీ అడగవచ్చు. ఆ చీర మరొకరిదే అయితే, దాని బదులు వారికి ఇంకొకటి చూపే పని దుకాణానిది.

అత్తగారికి మీరు కాకుండా కొడుకే చెప్పడం మంచిది, అదీ అమ్మవారి మాటను తప్పు పట్టకుండా. ఆ దుకాణంవారూ, ఆ అమ్మాయీ పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవంలో దణ్ణం పెట్టుకునే ఊరివారే కదా అని ఒక్క మాట అంటే ఆ పెద్దావిడ కాదనలేరు. కూతురికి ఇచ్చిన చీర కూతురి దగ్గరే ఉంటుందని ముందుగా చెప్పండి. ఆవిడ భయమంతా అక్కడే ఉండి ఉంటుంది.

ఇచ్చేటప్పుడు కొంచెం జాగ్రత్త అవసరం. మామూలుగా అయితే వాళ్ళనే మనిషిని పంపమని చెప్పేదాన్ని. మీరు ఒకసారి లేదన్నారు కనుక ఈసారి మీవారే రెండు గంటల బస్సు ప్రయాణం చేసి వెళ్ళడం మర్యాద. చీరలను ముందే ఫోటో తీసి, చీటీల నంబర్లు రాసుకోండి. కౌంటరులో ఎవరి చేతికో కాకుండా యజమానికి గాని మేనేజరుకు గాని లెక్కపెట్టి ఇచ్చి, అందినట్టు కాగితం మీద సంతకం తీసుకోండి. పట్టుచీరకు బిల్లు రాయించుకోండి. ఆ అమ్మాయి జీతంలో ఇప్పటికే పట్టుకుని ఉంటే తిరిగి ఇమ్మని యజమాని ముందే అడగండి. ఈ మాట మరిచిపోతే చీరలు షాపుకు చేరతాయి గాని కోత ఆమెకే మిగిలిపోతుంది.

ఆన్‌లైన్‌లో ఒకటి కొంటే రెండు వచ్చాయని అడిగే పాఠకులకూ దాదాపు ఇదే జవాబు. ఆ యాప్‌లోని కస్టమర్ కేర్‌కు రాసి, వచ్చి తీసుకెళ్ళమని చెప్పండి. సరుకు పట్టుకెళ్ళిన మనిషి దగ్గర రసీదు తీసుకోండి. ఇ-కామర్స్ సంస్థ ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో మీ ఫిర్యాదు అందినట్టు తెలపాలని, నెలలోగా పరిష్కరించాలని 2020 నాటి నిబంధనలున్నాయి. 'పొరపాటున వచ్చింది, తిరిగి పంపడానికి ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేయండి, ఓటీపీ చెప్పండి' అంటూ ఎవరైనా ఫోన్ చేస్తే మాత్రం వెంటనే పెట్టేయండి. సరుకు తిరిగి తీసుకునేవాడికి మీ ఓటీపీతో పనిలేదు.

ఇంత చెప్పినా మీవారు ససేమిరా అంటే ఎక్కువ రోజులు ఆగకండి. నెల జీతాలు ఇచ్చే రోజు దాటకముందే పని జరగాలి. 'మీరు చేయకపోతే నేను ఫోన్ చేస్తాను, మీ పేరు ఎత్తను, చీరలు నా బీరువాలో దొరికాయని కూడా చెప్పను, మూడు ఎక్కువ వచ్చాయని మాత్రం చెబుతాను' అని ఆయనకు ముందే తెలియజేసి, ఆ తరవాతే చేయండి. ఆయనకు తెలియకుండా చేస్తే ఈ గొడవ చీరల మీద నుంచి మీ ఇద్దరి మీదకు మళ్ళుతుంది. ఆ అమ్మాయి చేసిన నంబరు మీవారి ఫోన్‌లో ఉంటుంది. లేకపోతే మీ పన్నెండు చీరల బిల్లు పైభాగాన దుకాణం నంబరు ఉంటుంది, దానికి చేసి యజమానిని పిలవమనండి.