విండోస్ గుర్తు రాగానే కంప్యూటర్ ఆగిపోతోంది, ఫార్మాట్ చేయించాలా?

చేయించకండి. విండోస్ గుర్తు కనిపించి మళ్లీ మొదటికి వస్తోందని, మెకానిక్ ఫార్మాట్ అంటున్నాడని రాశారు. అసలు అతను సీపీయూ మూత విప్పాడా? విప్పి ఉండడు. ఫార్మాట్ అయితే కుర్చీలోంచి లేవనక్కర్లేదు కదా!

నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో లెక్కలు రాస్తాను. ఒక మార్చిలో, టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, కొండల్లా దిగుతున్న రోజున, మా కంప్యూటర్‌కు సరిగ్గా ఈ జబ్బే వచ్చింది. పట్టీల కోసం, అంటే సరుకు అమ్మిన లెక్క చీటీల కోసం, రైతులు గుమ్మంలో నిలబడ్డారు. వచ్చిన మెకానిక్ రెండు నిమిషాలు చూసి ‘విండోస్ పోయిందండీ’ అన్నాడు. ఏప్రిల్ నుంచి రాసిన ఖాతాలన్నీ అందులోనే ఉన్నాయి. పెన్‌డ్రైవ్‌లో దాచింది సంక్రాంతి వరకే. ఆ తప్పు నాదే, ఒప్పుకుంటాను. అతన్ని పంపేసి, పట్టీలు చేత్తో రాసిచ్చాను.

సాయంత్రం ప్లగ్గు పీకి మూత తీస్తే లోపలంతా ఎర్రగా ఉంది. మిరప దుమ్ము, గోనె పీచు కలిసి ఫ్యాను చుట్టూ మందంగా పేరుకున్నాయి. బుద్ధి లేక నోటితో గట్టిగా ఊదాను. అరగంట సేపు కళ్లు తెరవలేదు, తుమ్ములు ఆగలేదు. నీళ్ల చెంబు అందించిన హమాలీ నవ్వు ఆపుకోలేకపోయాడు. తర్వాత ముఖానికి తువ్వాలు చుట్టుకుని, పొడి పెయింటు బ్రష్షుతో దులిపాను. ర్యామ్, అంటే మెమరీ పలక, ఊడదీసి, దాని బంగారు రంగు అంచును పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, టక్కుమనే దాకా నొక్కి బిగించాను. ఆన్ చేస్తే లేచి కూర్చుంది!

ఆన్ చేసినప్పుడల్లా తేదీ కూడా వెనక్కి పోతుండేది. అది మదర్‌బోర్డు మీద నాణెంలా ఉండే 3 వోల్టుల బ్యాటరీ, సీఆర్ 2032, అయిపోవడం వల్ల. దాన్నీ మార్చాను. దానికీ ఫార్మాటే అంటారేమోనని మెకానిక్‌ను అడగలేదు.

మీది మిర్చి కొట్టు కాకపోవచ్చు, దుమ్ము లేని ఇల్లు మాత్రం ఈ ఊళ్లో నేను చూడలేదు. పై పని చేసినా లొంగకపోతే, రెండు ర్యాములుంటే ఒక్కొక్కటే పెట్టి చూడండి. ఆ తర్వాత బయోస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల తెరలోకి, వెళ్లి పది నిమిషాలు ఊరికే వదిలేయండి. దానికి చాలా వాటిలో ఆన్ చేయగానే ఎఫ్2 గానీ డిలీట్ గానీ నొక్కాలి. అక్కడ కూడా ఆరిపోతే వేడో, లోపల కరెంటు అందించే డబ్బా ఎస్‌ఎంపీఎస్సో కారణం. విండోస్‌కు సంబంధం లేదు. అక్కడ నిలిచి, విండోస్ దగ్గరే పడిపోతుంటే అప్పుడు డిస్కును అనుమానించండి. దాన్ని ఊడదీసి మరో కంప్యూటర్‌కు తగిలించి ఫోటోలు, కాగితాలు ముందు కాపీ చేసుకోండి. ఫార్మాట్ మాట ఆ తర్వాతే. ఒకే పొడిగింపు బోర్డుకు కూలర్, మిక్సీ, కంప్యూటర్ మూడూ తగిలించే అలవాటుంటే అదీ మానేయండి. మే నెలలో మా వీధిలో వోల్టేజీ ఎలా ఊగుతుందో నాకు తెలుసు.

మా సీపీయూను బల్ల కిందనుంచి పైకి మార్చమని షావుకారుగారికి అప్పుడే చెప్పాను. సరేనన్నారు. ఇప్పుడు దాని పక్కనే మిర్చి శాంపిల్ సంచులు పెడుతున్నారు.