గ్యాసు లైను లేని ఇంటికి ఏ బాయిలర్?

ప్రశ్న: మేం ఇంగ్లండ్‌లో హెరెఫర్డ్‌షైర్‌లోని ఒక పల్లెలో ఉంటున్నాం. ఊళ్లోకి గ్యాసు లైను రాలేదు. 1980ల నాటి మూడు పడకగదుల ఇటుక ఇల్లు మాది. నీళ్లు కాచి ఇంటిని వెచ్చగా ఉంచే, కిరోసిన్‌తో నడిచే 26 కిలోవాట్ల బాయిలర్‌కు ఇరవై ఏళ్లు దాటాయి. ఈ చలికాలం గడుస్తుంది గానీ వచ్చే ఏడాదికి నమ్మకం లేదని మెకానిక్ చెప్పారు. ఏడాదికి 2,000 లీటర్ల ఆయిల్ పడుతోంది. ఒకరు మళ్లీ ఆయిలే పెట్టించుకోమంటారు, ఒకరు ఎల్పీజీ అంటారు, ఇంకొకరు బయటి వేడిని కరెంటుతో ఇంట్లోకి లాగే హీట్ పంప్ అంటారు. కరెంటు బాయిలర్ అన్నిటికన్నా చవకగా దొరుకుతోంది. ఏది తీసుకోమంటారు?

జవాబు: ముందు మీ ఇంటికి ఎంత వేడి కావాలో తేల్చుకోండి. ఆ లెక్క మీ ఆయిల్ బిల్లుల్లోనే ఉంది. లీటరు కిరోసిన్‌లో దాదాపు 10.3 యూనిట్ల (కిలోవాట్ అవర్ల) శక్తి ఉంటుంది, అంటే 2,000 లీటర్లకు 20,600 యూనిట్లు. బ్రిటన్ వాతావరణానికి ఈ అంకెను 2,900తో భాగిస్తే, బాగా చలి ఉన్న రోజున ఇంటికి కావాల్సిన కిలోవాట్లు ఉజ్జాయింపుగా వస్తాయి. మీకు ఏడు వచ్చింది. ఉన్నదేమో 26. పాతది 26 కాబట్టి కొత్తదీ 26 అని రాసిన కొటేషన్‌ను నమ్మకండి. ఇళ్లలో వాడే ఆయిల్ బాయిలర్లలో చాలావాటికి మంట తగ్గించుకునే వీలుండదు. వెలిగితే పూర్తిగా వెలుగుతాయి, లేకపోతే ఆరిపోతాయి. అవసరానికి మించినది పెడితే నిమిషాల్లో ఆరి, మళ్లీ వెలుగుతూ ఉంటుంది. దాంతో మసి పడుతుంది, ఆయిల్ వృథా అవుతుంది.

ఇక ఖర్చు. లెక్క కోసం కిరోసిన్ లీటరు 70 పెన్నీలు, ఎల్పీజీ లీటరు 55, కరెంటు యూనిట్ 27 అనుకుందాం. 90 శాతం సామర్థ్యంతో నడిచే కొత్త ఆయిల్ బాయిలర్‌తో యూనిట్ వేడి ఏడున్నర పెన్నీలకు వస్తుంది. ఎల్పీజీ లీటరులో ఉండేది 7.1 యూనిట్లే కాబట్టి దానితో 8.6 పడుతుంది. హీట్ పంప్ ఒక యూనిట్ కరెంటుకు మూడు యూనిట్ల వేడి ఇస్తే 9 పెన్నీలు, మూడున్నర ఇస్తే 7.7. కరెంటు బాయిలర్‌కు మాత్రం పూర్తిగా 27. ధరలు మారుతుంటాయి గనక మీరు కొనే రేట్లు వేసి మళ్లీ చూసుకోండి. ఏ రేట్లు వేసినా మీ ఇంటికి కరెంటు బాయిలర్ వద్దనే చెబుతాం. పైగా 12 కిలోవాట్లది 52 ఆంపియర్లు లాగుతుంది. మెయిన్ ఫ్యూజు 60 ఆంపియర్లదైతే షవర్, పొయ్యి కలిసేసరికి తట్టుకోదు.

మీకు మా మొదటి సలహా హీట్ పంప్. ఇంగ్లండ్, వేల్స్‌లలో బాయిలర్ అప్‌గ్రేడ్ స్కీమ్ కింద దానికి 7,500 పౌండ్ల గ్రాంటు ఉంది. ఎంసీఎస్ (హీట్ పంపుల వంటివి బిగించేవాళ్లకు నాణ్యత గుర్తింపునిచ్చే పథకం) సర్టిఫికెట్ ఉన్న ఇన్‌స్టాలరే దరఖాస్తు పెట్టి, ఆ మొత్తాన్ని మీ బిల్లులో తగ్గిస్తారు. బాయిలర్‌నూ హీట్ పంప్‌నూ జోడించిన హైబ్రిడ్‌కు గ్రాంటు రాదు. అయితే హీట్ పంప్ బాయిలర్‌కన్నా తక్కువ వేడి నీళ్లు పంపుతుంది, వాటితో మీ గదులు వెచ్చబడతాయో లేదో తెలియాలి. అందుకే సంతకం పెట్టే ముందు ఒక పరీక్ష చేయండి.

బాయిలర్ ఇంకా నడుస్తోంది కదా, బయట సున్నా దగ్గర్లో ఉన్న రెండు మూడు రోజులు దాని థర్మోస్టాట్‌ను 50 డిగ్రీలకు తగ్గించి, హీటింగ్‌ను రాత్రీ పగలూ ఆపకుండా నడపండి. ఏ గది 19 డిగ్రీలు దాటలేదో రాసుకోండి. ఆ రోజుల్లో వేడినీళ్ల సిలిండర్‌ను మాత్రం ఇమర్షన్ హీటర్‌తో 60కి తీసుకెళ్లాలి, గోరువెచ్చటి నీళ్లు నిలవుంటే లెజియొనెల్లా బ్యాక్టీరియా పెరుగుతుంది. పరీక్ష అవగానే థర్మోస్టాట్‌ను మళ్లీ పైకి తిప్పేయండి. మీది పాతకాలపు, కండెన్సింగ్ (పొగలోని ఆవిరి వేడినీ వాడుకునే రకం) కాని బాయిలర్ అయితే, తిరిగొచ్చే నీళ్లు చల్లగా ఉన్నకొద్దీ పొగలోని ఆవిరి లోపలే నీరై, ఆ ఆమ్లం ఇనుమును తినేస్తుంది.

వేడెక్కని గదుల్లో రేడియేటర్‌ను, అంటే వేడి నీళ్లు పారి గదిని వెచ్చబెట్టే లోహపు పలకను, పైనుంచి చూడండి. ఒకే పలక, దాని వెనక ఒకే వరస రేకు మడతలు ఉంటే అది టైప్ 11. మీటరు పొడవు, 60 సెంటీమీటర్ల ఎత్తుది వేడి నీళ్లతో వెయ్యి వాట్ల దాకా ఇస్తుంది. 50 డిగ్రీల నీళ్లతో సగం కూడా ఇవ్వదు. అదే కొలతలో రెండు పలకల టైప్ 22 పెడితే దగ్గరదగ్గర 800 వాట్లు వస్తాయి. పొడవు, ఎత్తు మారవు గనక గొట్టాల పని పెద్దగా ఉండదు. మీ తరం ఇళ్లలో అసలు చిక్కు గొట్టాలతోనే వస్తుంది. రేడియేటర్‌కు వెళ్లేవి వేలంత సన్నంగా, 8 లేదా 10 మిల్లీమీటర్లవి ఉంటే పెద్ద గదులకు చాలినన్ని నీళ్లు పారవు. ఏడు కిలోవాట్లకు పంప్ దగ్గర్నుంచి వచ్చే ప్రధాన గొట్టం 28 మిల్లీమీటర్లది కావాలి, 22 బొటాబొటిగా ఉంటుంది. కొటేషన్‌లో గది గదికీ వేసిన హీట్ లాస్ (బయటికి పోయే వేడి) లెక్క, నీళ్ల డిగ్రీలు, గొట్టాల సైజులు రాసి ఉండాలి. ఇవి రాయని ఇన్‌స్టాలర్‌కు పని ఇవ్వకండి. వీధిలో కరెంటు లైన్లు నడిపే కంపెనీకి హీట్ పంప్ సంగతి తెలియజేయడం ఇన్‌స్టాలర్ పనే. మీ సర్వీసు వైరు పక్కింటితో కలిపి ఉంటే దాన్ని విడదీయడానికి నెలలు పట్టొచ్చు.

గొట్టాలన్నీ మార్చాల్సి వచ్చి ఖర్చు తలకు మించితే ఆయిల్ బాయిలరే పెట్టించుకోండి, తప్పేం లేదు. ఆయిల్ బాయిలర్ల పనివాళ్లను నమోదు చేసే ఆఫ్‌టెక్‌ సంస్థలో పేరున్న టెక్నీషియన్‌తోనే చేయించండి. పాత నీళ్లలోని తుప్పుబురద కడిగించకుండా కొత్తది తగిలించనివ్వకండి. మ్యాగ్నెటిక్ ఫిల్టర్ కూడా అడగండి. కండెన్సేట్ (పొగ చల్లబడి ఏర్పడే నీరు) బయటికి పోయే గొట్టం బయట సాగేచోట 32 మిల్లీమీటర్లది, తొడుగుతో, వాలుగా ఉండాలి. సన్నది పెడితే మొదటి మంచుకే గడ్డకట్టి బాయిలర్ ఆగిపోతుంది. ట్యాంకు కూడా చూడండి: ఒకే పొర ప్లాస్టిక్‌దై, మూలల్లో వెంట్రుకవాసి చీలికలు, కింద నల్లటి తడి మరక కనిపిస్తే రెండు పొరల బండెడ్ ట్యాంకు వేయించాల్సిందే. కారిన కిరోసిన్ నేలలోకి దిగితే శుభ్రం చేయించే ఖర్చు బాయిలర్ ఖరీదును మించిపోతుంది.

ప్రశ్న: అద్దె ఇంట్లో ఎల్పీజీ కాంబి బాయిలర్‌కు (ఇంటి వేడినీ, కుళాయి వేడినీళ్లనూ ఒకటే ఇచ్చే రకం) నాలుగు పెద్ద సిలిండర్లు ఉన్నాయి. చలి ఎక్కువైన రోజున సిలిండర్ మీద మంచు పేరుకుని బాయిలర్ ఆగిపోతోంది. లోపల గ్యాసు ఇంకా ఉంది. ఎందుకిలా? ఏడాదికి ఎన్ని సిలిండర్లు పడతాయి?

జవాబు: మీ సిలిండర్లలోని ఎల్పీజీ అంటే ద్రవంగా ఉన్న ప్రొపేన్. అది ఆవిరి కావడానికి చుట్టుపక్కల వేడిని తీసుకుంటుంది. 30 కిలోవాట్ల కాంబి పూర్తిగా మండితే గంటకు రెండు కిలోల పైన గ్యాసు లాగుతుంది. చలిలో ఒక్క సిలిండర్ అంత వేగంగా ఆవిరి ఇవ్వలేదు, ఒత్తిడి పడిపోతుంది. రెండు సిలిండర్లు కలిపి ఒక జతగా పని చేయాలి, రెండో జతకు దానంతటదే మారే ఆటోమేటిక్ చేంజోవర్ ఉండాలి. మీకు నాలుగున్నా ఒక్కొక్కటే తెరిచి వాడుతున్నారేమో చూడండి. మంచు కరిగించడానికి వేడినీళ్లు పోయడం, హీటర్ పెట్టడం ప్రమాదం. మార్పులేమైనా గ్యాస్ సేఫ్ (బ్రిటన్‌లో గ్యాసు పనివాళ్ల అధికారిక రిజిస్టర్)లో పేరుండి, ఎల్పీజీ అర్హత ఉన్న ఇంజనీరే చేయాలి, అది ఇంటి యజమాని బాధ్యత.

47 కిలోల సిలిండర్‌లో సుమారు 650 యూనిట్లు ఉంటాయి. ఏడాదికి 12,000 యూనిట్లు వాడే ఇంటికి పద్దెనిమిదో పందొమ్మిదో పడతాయి. ప్రొపేన్ గాలికన్నా బరువు, కారితే నేలబారున పాకుతుంది. కాబట్టి సిలిండర్లను కిటికీలకు, తలుపులకు, మురుగు కాలువ మూతలకు దూరంగా, నిలువుగా, గోడకు గొలుసుతో కట్టి ఉంచాలి.