పాత సామాను తూకంలో మోసం జరిగితే వినియోగదారుల కోర్టుకు వెళ్లొచ్చా?

పాత పేపర్లు, ఇనుము అమ్మినప్పుడు తూకం తక్కువ చూపించారని మీ అనుమానం. వినియోగదారుల కోర్టుకు వెళ్లొచ్చా అని అడిగారు. మామూలుగా ఆ దారి కుదరదండీ. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం దృష్టిలో వినియోగదారుడంటే డబ్బిచ్చి వస్తువు కొన్నవాడు, లేదా సేవ పొందినవాడు. ఇక్కడ అమ్మింది మీరు, కొన్నది తుక్కు వ్యాపారి.

మీకు అక్కరకొచ్చేది వేరే చట్టం. 2009 లీగల్ మెట్రాలజీ చట్టం, అంటే మనం తూనికలు కొలతల చట్టం అనుకునేది. తక్కువ తూచి అమ్మేవాళ్లకే అది వర్తిస్తుందని చాలామంది అనుకుంటారు. కానీ కొనేవాడు తాను డబ్బు కట్టినదానికంటే ఎక్కువ సరుకు మోసంతో తీసుకున్నా నేరమేనని 30వ సెక్షన్ స్పష్టంగా చెబుతుంది. పది కిలోల పేపర్లు తీసుకుని ఎనిమిది కిలోలకే లెక్క కడితే అది దీని కిందికే వస్తుంది.

చెత్త ఏరి అమ్ముకునే మహిళల బృందానికి కొన్నేళ్లు నేను లెక్కలు రాసిపెట్టాను. మనం ఎప్పుడో ఒకసారి అమ్ముతాం, వాళ్లకు అదే రోజు కూలి. కిలోకు వంద గ్రాములు కొట్టేస్తే ఆ రోజు సంపాదనలో పదో వంతు పోయినట్టే. నాకు ఇప్పటికీ కోపం తెప్పించే విషయం ఇది. ఆ మహిళలు సరుకు అమ్మే ఒక తుక్కు దుకాణంలో కాటా మీద అనుమానం వచ్చి నీళ్లతో పరీక్షించాం. లీటరు నీళ్లు దాదాపు కిలో తూగుతాయి. ముందు ఖాళీ డబ్బా పెట్టి అంకె చూడాలి, తర్వాత ఐదు లీటర్లు కొలిచి పోసి మళ్లీ చూడాలి. తేడా ఐదు కిలోలు రావాలి. అక్కడ నాలుగున్నర కూడా రాలేదు.

తూనికలు కొలతల శాఖకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాం. అధికారి వచ్చి చూస్తే కాటా మీద ముద్ర గడువు ఎప్పుడో దాటిపోయింది. ఎలక్ట్రానిక్ కాటాకు ఏటా పరీక్ష చేయించి ముద్ర వేయించాలి, ఆ సర్టిఫికెట్ అందరికీ కనబడేలా పెట్టాలి. త్రాసుకూ తూకపు రాళ్లకూ రెండేళ్ల గడువు ఉంటుంది. మీరు కూడా మొదట ఆ సర్టిఫికెట్ చూపించమని అడగండి, అడిగితే తప్పేమీ లేదు.

ధర విషయంలో మాత్రం ఈ చట్టం జోక్యం చేసుకోదు. కిలో ఎంతకు కొనాలన్నది బేరమే. కాబట్టి సంచి కాటా ఎక్కకముందే ఏ రకానికి ఎంత, తడి పేరుతో తరుగు తీస్తారా అన్నది తేల్చుకోవాలి. రాగి, అల్యూమినియం, ఇనుము కలిపి పోస్తే అన్నిటికీ ఇనుము ధరే కడతారు. ఇంట్లోనే అయస్కాంతం పెట్టి చూడండి. రాగికి, ఇత్తడికి, అల్యూమినియానికి అది అంటుకోదు.

ఫిర్యాదు ఇవ్వాలనుకుంటే తేదీ, ఒప్పుకున్న ధర, కాటా చూపిన అంకె ఫోటో, మీరు ఇంట్లో తూచిన బరువు రాసి పెట్టండి. వీధుల్లో తిరుగుతూ కొనే మనిషైతే ముందు మీ కాటా మీద మళ్లీ తూచమని అడిగి చూడండి. చాలావరకు అక్కడే తేలిపోతుంది.