వీక్ నోట్రంప్ మొదలుపెడుతున్న అబ్బాయికి

నాన్నా,

ఈసారి బ్రిడ్జ్ పెయిర్స్ (జంటల) టోర్నమెంట్‌లో అందరిలా చేతిలో 15-17 పాయింట్ల బలానికి కాకుండా 12-14కే ఒక నోట్రంప్ (తురుపు లేకుండా ఏడు పట్లు చేస్తామనే బిడ్) ఓపెన్ చేస్తారటగా, అదే వీక్ నోట్రంప్, మీ అమ్మ చెప్పింది. పొంగిపోయాను. రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

మీ బిడ్ల అర్థాలు రాసే కన్వెన్షన్ కార్డు నింపడం, ఎదుటివాళ్ళు అడిగితే దాచకుండా చెప్పడం నీకు తెలిసినవే.

పెయిర్స్‌లో నీ స్కోరును అవే పేకలు ఆడిన మిగతా టేబుళ్ళతో పోలుస్తారు కదా. అందరూ క్లబ్ అన్నచోట నువ్వు నోట్రంప్ అంటే అక్కడే నీ దారి వేరైపోతుంది. ఎదుటివాళ్ళు హార్ట్స్ తురుపుగా 2 హార్ట్స్ (ఎనిమిది పట్లు) చేయగలిగినా నోరు మెదపరు. నీకు 90 వస్తుంది, మిగతా టేబుళ్ళలో నీ పేకలే పట్టుకున్నవాళ్ళకు 110 పోతుంది. ఇంకో బోర్డులో (పంపకంలో) వల్నరబుల్‌గా, అంటే ఓడితే ఎక్కువ పోయే స్థితిలో, ఉండగా ఎదుటివాళ్ళు డబుల్ అని నష్టం పెంచి, రెండు పట్లు తగ్గితే 500 గోవిందా. పక్క టేబుల్‌లో నీ వైపువాళ్ళు 140 పోగొట్టుకుని బయటపడతారు. ఇందులో నీ గొప్పా లేదు, తప్పూ లేదు. అందరికన్నా బాగా ఆడే జంటకు ఈ ఊగిసలాట నష్టం, బలహీనులకు లాభం. మీరే కోవలోకి వస్తారో నన్నడక్కు, మొహమాటానికి అబద్ధం చెప్పేస్తాను.

1969 బెర్ముడా బౌల్‌లో (ప్రపంచ బ్రిడ్జ్ పోటీలో) ప్రెసిషన్ అనే వేరే బిడ్డింగ్ సిస్టమ్ ఆడి తైవాన్ ఫైనల్‌కు వెళ్ళిందని వాదిస్తావు. వెళ్ళింది. గెలిచిన ఇటలీవాళ్ళూ వింత సిస్టమ్‌లే ఆడేవారు మరి!

నా భయం వేరు. నా పాత పార్ట్‌నర్‌కు ఒకసారి సరిగ్గా ఇలాగే 500 పోయింది. ముఖం మాడిపోయింది. తర్వాతి బోర్డులో చేతిలో 13 పాయింట్లు, అన్ని రంగులూ సమానంగా ఉన్నాయి. మా లెక్కలో అది నోట్రంపే. కానీ జంకి ఒక క్లబ్ అన్నాడు. నేను ఒక హార్ట్ అన్నాను, తను ఒక నోట్రంప్ అన్నాడు. మా ఒప్పందం ప్రకారం ఆ రెండో మాటకు అర్థం 15-17. నా దగ్గర 11 ఉన్నాయి, సంకోచం లేకుండా 3 నోట్రంప్ (తొమ్మిది పట్లు) అన్నాను. నా పేకలు డమ్మీగా బల్ల మీద పరిచాక తను నా వైపు చూడనే లేదు. రెండు పట్లు తగ్గాయి. మిగతా టేబుళ్ళవాళ్ళు ఒకటి, రెండు నోట్రంప్‌ల దగ్గరే ఆగారు. మొదటి 500 సిస్టమ్ తెచ్చింది, ఓర్చుకోవచ్చు. రెండో దెబ్బ భయం తెచ్చింది. ఆ తర్వాత ఆ సాయంత్రమంతా మా మధ్య బిడ్లే తప్ప మాటల్లేవు, పిచ్చిమొహాలం.

అందుకే చెబుతున్నా, వెధవా, దెబ్బ తగిలినా ఆ పూటకు సిస్టమ్ మార్చొద్దు. టేబుల్ దగ్గర పార్ట్‌నర్‌ను ఏమీ అనకు, అనాలనిపిస్తే ఫోన్ చేసి నన్ను తిట్టు.

డబుల్ పడితే ఏ పేకలుంటే ఏ బిడ్‌కు పారిపోవాలో ఇద్దరూ రాసుకున్నారా? ఆ కాగితం ఈ వారంలోనే పంపు, చూసి పెడతాను.

మీ పెద్దమ్మ