సమాధానం: మత్స్యకారుల సర్వేలో అందరూ ఒకే ఆదాయం చెబుతుంటే

నమస్కారం అండీ. ఉప్పాడ సర్వేలో నెల ఆదాయం ఎంతని అడిగితే ఇంటింటా ‘పదివేలు’ అనే చెబుతున్నారని రాశారు. వాళ్ళు దాస్తున్నారని అనుకోకండి. వేటకు నెల జీతం ఉండదు, అందుకే ఏదో ఒక అంకె చెప్పేస్తారు.

చివరిసారి వేటకు వెళ్ళిన రోజు గురించి అడగండి. ఏ చేప పడింది, ఎంతకు అమ్మారు, డీజిల్‌కూ ఐస్‌కూ ఎంత పోయింది, మిగిలినదాంట్లో పడవ యజమాని వాటా ఎంత, కలాసీ (పడవలో పనిచేసే మనిషి) వాటా ఎంత. ఇవి వాళ్ళకు బాగా గుర్తుంటాయి. చేపలు కొనే వ్యాపారి దగ్గర అడ్వాన్స్ తీసుకున్నారా అన్నది మాత్రం తప్పక అడగండి. తీసుకుంటే చేప అతనికే, చాలాసార్లు తక్కువ ధరకే ఇవ్వాల్సి వస్తుంది. ఇది వదిలేస్తే లెక్కంతా తప్పుతుంది.

చేపలు అమ్మే, ఎండబెట్టే ఆడవాళ్ళతో విడిగా మాట్లాడండి. భర్త చెప్పే లెక్కలో వాళ్ళ సంపాదన తరచూ కనిపించదు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు ఇంజన్ పడవలకు వేట నిషేధం. అప్పుడొకసారి, వేట బాగా సాగేటప్పుడు ఇంకోసారి, అవే ఇళ్ళకు వెళ్ళండి. వలలు బాగుచేసుకునే వేళ పక్కన కూర్చుంటే టెన్షన్ లేకుండా మాట్లాడతారు.