సొంత సైట్‌లో ఫోటో ఆల్బమ్ పెట్టాలంటే ఏ ఉచిత సాఫ్ట్‌వేర్ వాడాలి?
డిజికామ్ చాలు. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. ఫోటోలు ఎంచుకుని, హెచ్‌టీఎమ్‌ఎల్ గ్యాలరీ టూల్ తెరిచి థీమ్, సైజు, ఫోల్డర్ చెబితే పేజీలు, థంబ్‌నెయిళ్లు అదే తయారుచేస్తుంది. ఆ ఫోల్డర్ మొత్తాన్నీ సర్వర్‌కు ఎక్కించాలి. ఇండెక్స్ ఫైలొక్కటే పెడితే బొమ్మలు రావు. డేటాబేస్, పీహెచ్‌పీ అక్కర్లేదు కాబట్టి గిట్‌హబ్ పేజెస్ అనే ఉచిత హోస్టింగ్‌లోనూ పెట్టొచ్చు (సైటుకు పరిమితి 1 జీబీ).

అసలు తంటా అంతా సైజుతోనూ ఎగ్జిఫ్‌తోనూ (ఫోటో ఫైల్లోనే దాగి ఉండే వివరాలు). పొడవు వైపు 1600 పిక్సెళ్లకు, జేపెగ్ క్వాలిటీ 80కి దించితే నాలుగైదు ఎంబీల ఫోన్ ఫోటో సాధారణంగా అర ఎంబీ దగ్గరికి వస్తుంది. ఫోన్ కెమెరాలో లొకేషన్ ఆన్‌లో ఉంటే మీ ఇంటి అక్షాంశ రేఖాంశాలు కూడా ఫోటోతో పాటే బయటికి పోతాయి! ఇమేజ్‌మ్యాజిక్ అనే ఉచిత కమాండ్ టూల్‌లోని స్ట్రిప్ ఆప్షన్ వాటిని తీసేస్తుంది గానీ, దానికి ముందు ఆటో-ఓరియెంట్ ఇవ్వండి. ఫోటో ఎటు తిరగాలన్న సమాచారమూ ఎగ్జిఫ్‌లోనే ఉంటుంది, అది పోతే నిలువు ఫోటోలు అడ్డంగా పడతాయి. ఇమేజ్‌మ్యాజిక్‌లోని మోగ్రిఫై కమాండ్ ఒరిజినల్ ఫైళ్ల మీదే రాసేస్తుంది, కాబట్టి కాపీ చేసిన ఫోల్డర్‌లోనే నడపండి.

మీ విండోస్ కంప్యూటర్లో కనిపించిన ఫోటో సర్వర్‌లో కనిపించకపోతే ఫైలు పేరు చూడండి. లినక్స్‌కు పెద్ద అక్షరాల జేపీజీ వేరు, చిన్న అక్షరాలది వేరు.