మండువా ఇంటిని ఫొటో తీయబోతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నీవు పంపిన డిండి సాయంకాలపు ఫొటో చూశాను. వశిష్ఠ మీద పడవ బాగానే కుదిరింది గానీ, కొబ్బరిచెట్ల తలల చుట్టూ దేవుడి పటంలోలాగా తెల్లని వెలుగు అలముకుంది, ఆకాశమేమో వంకాయ రంగుకు తిరిగింది. తాతగారి మండువా ఇల్లు విప్పేలోగా, ఎక్కువ తక్కువ వెలుగులతో తీసిన కొన్ని ఫొటోలను ఒక్కటిగా కలిపే ఇదే హెచ్‌డీఆర్ పద్ధతిలో ఫొటోలు తీసి దాచాలని అనుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది కనుక, ఆ పొరపాటు అక్కడ జరగకూడదని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆ ఇంటికి ఈ పద్ధతే తగినది. నడుమ ఆకాశానికి తెరిచిన మండువా, చుట్టూ నీడపట్టున వసారాలు, ఆ వెనక పట్టపగలే దీపం కావలసిన పడమటిల్లు ఉంటాయి. మండువా వెలుగుకు సరిపెట్టి ఒక్క ఫొటో తీస్తే పడమటింటి తలుపు మసిగుడ్డలాగా వస్తుంది. తలుపుకు సరిపెడితే మండువా అంతా గంజి పోసినట్టు తెల్లబడుతుంది.

కాబట్టి కెమెరాను ట్రైపాడ్ మీద కదలకుండా నిలిపి, లెన్సు రంధ్రాన్ని చెప్పే అపర్చరు ఎఫ్/8 వద్ద, వెలుగుకు కెమెరా స్పందనను చెప్పే ఐఎస్‌ఓ 100 వద్ద ఉంచి, ఫోకస్‌ను, రంగుల తూకం చూసే వైట్ బ్యాలెన్స్‌ను కూడా ముడివేసినట్టు స్థిరపరచి, షట్టరు వేగాన్ని మాత్రమే మారుస్తూ అయిదు ఫొటోలు తీయి. ఉదాహరణకు సెకనులో 250వ వంతు, 60వ వంతు, 15వ వంతు, 4వ వంతు, చివరికి ఒక పూర్తి సెకను. ఒక్కొక్క మెట్టుకు వెలుగు సుమారు నాలుగు రెట్లవుతుంది. అన్నిటికన్నా వేగంగా తీసినదానిలో హిస్టోగ్రామ్ (ఎడమన చీకటి, కుడిన వెలుగు ఎంతెంత ఉన్నాయో కెమెరా చూపే గ్రాఫు) కుడి అంచుకు ఆనకూడదు, అన్నిటికన్నా నెమ్మదిగా తీసినదానిలో ఎడమ అంచుకు ఆనకూడదు. జేపెగ్‌లో తీయవద్దు, కెమెరా పట్టినదాన్ని కుదించకుండా దాచే రా ఫైలుగానే తీయి. జేపెగ్ ఒక్కో రంగుకు 256 మెట్లు మాత్రమే దాచుకుంటుంది, 14 బిట్ల రా ఫైలు 16,384 మెట్లు దాచుకుంటుంది. బటన్‌ను వేలితో నొక్కితే ఆ అదురు సెకను ఫొటోలో తెలిసిపోతుంది, అందుచేత రెండు సెకన్ల టైమరు పెట్టుకో.

లైట్‌రూమ్‌లో (ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేరు) ఆ అయిదింటినీ ఎంచుకుని ఫొటో మర్జ్‌లో హెచ్‌డీఆర్ నొక్కితే కలపడం దానంతట అదే జరుగుతుంది. డబ్బు పెట్టడం ఇష్టం లేకపోతే లుమినెన్స్ హెచ్‌డీఆర్ ఉచితంగా దొరుకుతుంది. చిక్కంతా కదిలే వస్తువులతోనే వస్తుంది. దండెం మీద చీర అయిదు ఫొటోలలో అయిదు చోట్ల ఉంటే, కలిపాక అది దెయ్యంలాగా పారదర్శకంగా కనిపిస్తుంది. దీనికి డీఘోస్ట్ అనే సదుపాయం ఉంది. కదిలిన చోట ఏదో ఒక్క ఫొటోనే తీసుకుని మిగిలినవాటిని వదిలేస్తుంది. అయితే అక్కడ నీకు ఒక్క ఫొటో నాణ్యతే మిగులుతుంది కాబట్టి, ముందు ‘లో’ (తక్కువ స్థాయి) పెట్టి, ఓవర్‌లే తెరచి, అది దిద్దిన చోట్లు ఎక్కడెక్కడ ఎర్రగా పడ్డాయో చూసుకో. అన్నిటికన్నా సులువైన డీఘోస్ట్, ఫొటోకు ముందే చీర తీసేయడం. కొబ్బరి మట్టలను ఎవరూ ఆపలేరు. మధ్యాహ్నమైతే సముద్రపు గాలి లేస్తుంది, కనుక బయటి ఫొటోలు తెల్లవారగానే తీసేయి.

ఇక టోన్ మ్యాపింగ్. కలిపిన ఫైలులో ఉన్నంత వెలుగు తేడాను తెర గానీ కాగితం గానీ చూపలేవు కాబట్టి దానిని కుదించాలి. నీ చెయ్యి దాటిపోయింది ఇక్కడే. హైలైట్లను, అంటే బాగా వెలిగే చోట్లను, తగ్గించు, నీడలను కొద్దిగా లేపు, అంచులను తేటపరిచే క్లారిటీని పదిహేను దాటనివ్వకు. ఆ తరువాత ఫొటోను నూటికి నూరు శాతం పెద్దది చేసి, చూరు పెంకులు ఆకాశాన్ని తాకే అంచు వెంబడి నెమ్మదిగా చూడు. అక్కడ తెల్లని గీత కనబడితే వెనక్కి తగ్గు. పదిహేనేళ్ల కిందట నేను కూడా ఒక పెళ్లివారింటిని ఇలాగే మూల మూలనా వెలిగించి ఇస్తే, ఆ ఇంటి పెద్దావిడ ఫొటోను అటూ ఇటూ తిప్పి, “మా గోడలకు రంగులు ఎప్పుడు వేయించారు బాబూ?” అని అడిగింది. ఆ ఆల్బమ్ డబ్బులు నేను తీసుకోలేదు.

ఇదంతా కొత్త విద్యేమీ కాదు. 1850లలోనే ఫ్రాన్సులో గుస్తావ్ ల గ్రే ఆకాశానికొక నెగెటివ్, సముద్రానికొక నెగెటివ్ తీసి ఒకే ప్రింటులో కలిపాడు. డార్క్‌రూమ్‌లో ఎన్‌లార్జరు కింద చెయ్యి అడ్డం పెట్టి మేము నీడలను కాపాడుకున్నదీ దాదాపు ఇందుకే. నీవు ఎన్ని ఫొటోలు కలిపినా పడమటిల్లు పడమటిల్లులాగానే, చీకటిగానే ఉండాలి. గడప, తలుపు చెక్కడం, లోపల ఇత్తడి బిందె అంచు మీద ఒక మెరుపు తెలిస్తే చాలు.

శనివారం ఏడింటికల్లా వచ్చేయి. ఎనిమిది దాటితే ఎండ తూర్పు చూరు మీదుగా దిగి పడమటి వసారా స్తంభాల మీద సూటిగా పడుతుంది, అప్పుడు అయిదు ఫొటోలు కూడా చాలవు. నా పాత ట్రైపాడ్ అటక మీద నుంచి దింపించాను. మూడో కాలి బిగింపు సరిగా పట్టడం లేదు, అందుచేత కాళ్లు పూర్తిగా సాగదీయకుండా కిందనే పెట్టుకుని తీద్దాం.

ఇట్లు,
మావయ్య